గాదెనుండి కంచమువరకు



మన పల్లెలలో చుట్టము గుమ్మమెక్కి కాళ్లు కడుగుకొనగానే మనమడుగు మొదటి మాట "మీ వైపు వానలెట్లున్నవి? పంటలెట్లున్నవి?" అని. ఆ ప్రశ్న వెనుక మరియొక ప్రశ్న దాగియున్నది: "ఈ యేడు జనమునకు తిండి గడచునా?" పంట పండినచో తిండి గడచుననియు, పంట పోయినచో తిండి పోవుననియు మనము సహజముగా తలంతుము. ఈ తలంపులో సగమే నిజమున్నది. గాదెలో ధాన్యముండుట వేరు. కంచములో అన్నముండుట వేరు. ఆ రెంటికి నడుమ దూరమున్నది. ఆ దూరమున కూలి యున్నది, ధర యున్నది, వర్తకుడున్నాడు, బండి యున్నది, గిడ్డంగి యున్నది, ప్రభుత్వపు ఉత్తరువున్నది. వీటినన్నిటిని ఒక క్రమమున నడుపుటకే ఆహారవిధానమని పేరు. ఆ క్రమము తప్పిననాడు ధాన్యము కండ్లయెదుట నుండగనే మనుష్యులు మాడి చచ్చిరి. ఇది ఊహ కాదు, మన దేశచరిత్ర. దానిని మూడు కరువుల మూలమున తెలిసికొని, పిమ్మట నేటి సంగతికి వత్తము.

మొదటిది గుంటూరు సీమ కరువు. నందన నామ సంవత్సరమున, అనగా 1832-33లో, వానలు తప్పి ఆ మండలము ఎండిపోయినది. మన పూర్వులు దానిని నందన కరువనియు, డొక్కల కరువనియు చెప్పుకొనిరి. అయిదు లక్షల జనములో సుమారు రెండు లక్షలమంది నశించిరని అంచనా. ఆనాడు రైలు లేదు, గట్టి బాటలు లేవు. దూరదేశమునుండి ఎద్దులమీద తెచ్చు ధాన్యములో కొంత త్రోవలోని మేతఖర్చులకే చెల్లును. కృష్ణానది ప్రక్కనే పారుచుండెను గాని, ఆ నీరు పొలమునకెక్కక సముద్రములో కలియుచుండెను. ఆ కాలపు కష్టములే ఆనకట్టల అవసరమును పాలకులకు తెలియజెప్పినవి. ఆర్థరు కాటను దొర పూనికతో ధవళేశ్వరమువద్ద 1847లో మొదలిడిన ఆనకట్ట 1852లో పూర్తియైనది. బెజవాడవద్ద కృష్ణకు కట్టిన ఆనకట్ట 1855 నాటికి ముగిసినది. ఆహారవిధానమున ఇది తొలి పాఠము: పంట పండవలెను, పండుటకు నీరు కావలెను. దీనిని కాదనువారు లేరు.

రెండవది ధాత కరువు. 1876లో దక్షిణదేశమున వానలు తప్పినవి. మన సీమలలో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు మిక్కిలి దెబ్బతినినవి. ఈసారి రైలు వచ్చియున్నది. రైలున్నచో ధాన్యము కరువుసీమకు తనంతట తానే పోవునని పాలకులు నమ్మిరి. ధాన్యము వచ్చినది కూడ. కాని కొనువాని చేతిలో డబ్బు లేదు. వాన లేనందున పొలములో పని లేదు. పని లేనందున కూలి లేదు. కూలి లేనివానికి అంగడిలో బస్తాలు పేర్చియున్నను లేనట్లే. దేశమునుండి విదేశములకు ధాన్యపు ఎగుమతియు ఆగలేదు.

ఈ కరువున సర్ రిచర్డు టెంపుల్ అను అధికారి నడచిన తీరు గుర్తుంచుకొనదగినది. 1873-74లో బీహారు ప్రాంతమున కరువు రాగా ఆయన బర్మానుండి లక్షల టన్నుల బియ్యము తెప్పించి పంచిపెట్టించెను. ఆ కరువున ఆకలిచావులు బహు తక్కువ. కాని సొమ్ము అతిగా ఖర్చుచేసెనని ఆయనను పలువురు నిందించిరి. అదే అధికారి 1877లో మదరాసునకు వచ్చినప్పుడు పొదుపే ధర్మముగా పెట్టుకొని, కరువుపనులలో దినమెల్ల శ్రమపడు మగవానికి ఒక పౌను ధాన్యమును, ఒక అణాయు కూలిగా నిర్ణయించెను. పౌను అనగా నేటి లెక్కకు సుమారు 450 గ్రాములు. మదరాసు ఆరోగ్యశాఖాధిపతి కార్నిష్, మట్టి మోయువానికి అది చాలదనియు, ఒకటిన్నర పౌనైనను ఉండవలెననియు వాదించెను. ఆ రెండేండ్లలో కరువు కాటకములవలనను, వాని వెంట వచ్చిన రోగములవలనను 50 లక్షలకు పైగా జనము నశించిరని అంచనా. రెండు కరువుల పరిమాణములో భేదమున్నమాట నిజమే. అయినను వాన తప్పుట మనచేతిలోనిది కాదు. వాన తప్పిన పిమ్మట ఎందరు చత్తురనునది చాలవరకు మనుష్యుల చేతిలోనిదే.

1880లో కరువు విచారణసంఘమువారు ఈ సంగతినే స్పష్టపరచిరి. కరువువేళ దేశమున ధాన్యము బొత్తిగా లేకపోవుటకంటె, కూలిపోయి కొనుశక్తి నశించుటయే జనమును చంపుచున్నదని వారు తేల్చిరి. ఆ తరువాత 1883లో కరువు నిబంధనలు వెలువడినవి. పని లేనివానికి సర్కారు పని చూపవలెను, పని చేయలేనివానికి ఊరక తిండి పెట్టవలెను అనునది వాని సారాంశము.

మూడవది వంగదేశపు కరువు. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమింపగా అచ్చటి బియ్యము ఆగిపోయినది. ఆ యేడు అక్టోబరులో మేదినీపురము తీరమున పెను గాలివాన వచ్చినది. శత్రువు చేతికి చిక్కరాదని తీరప్రాంతపు బియ్యమును, పడవలను సర్కారువారు తొలగించిరి. ఇతర రాష్ట్రములు తమ ధాన్యము పొలిమేర దాటకుండ కట్టడి చేసినవి. యుద్ధపు వ్యయముతో పట్టణములలో డబ్బు పొంగి బియ్యపు ధర పైకెగసినది; పల్లెకూలి మాత్రము దానివెంట పెరుగలేదు. మరణించినవారెవరు? పొలము కూలీలు, జాలరులు, పడవ నడుపువారు, చేతిపనులవారు. విచారణసంఘము చావులు 15 లక్షలని లెక్కించినది. తరువాతి పరిశోధకులు 30 లక్షలవరకు చెప్పిరి. ఆచార్య అమర్త్యసేన్ 1981లో ప్రకటించిన గ్రంథమున ఒక లెక్క చూపిరి. 1943లో వంగదేశమున లభించిన ధాన్యము అంతకుముందు అయిదేండ్ల సగటుకంటె నూటికి 5 వంతులు మాత్రమే తక్కువ; కరువు లేని 1941కంటె ఎక్కువ. ఈ అంకెలపై పండితులలో వాదము లున్నవి. కాని నూటికి అయిదు వంతుల లోటు లక్షల ప్రాణములు తీయరాదు గదా! తీసినదన్నచో ధాన్యము కొందరి చేరువనుండి పూర్తిగా తొలగిపోయినదన్నమాట.

ఈ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, ప్రజలకు అన్నపు భరోసా యనునది ముక్కాలిపీటవంటిదని తెలియును. పండించుట ఒక కాలు. నిలువచేయుట రెండవ కాలు. లేనివానికి అందించుట మూడవ కాలు. ఒక్క కాలు విరిగినను పీట నిలువదు.

ఇక స్వతంత్ర భారతమునకు వత్తము. 1950-51లో దేశమున పండిన ఆహారధాన్యము 5 కోట్ల 8 లక్షల టన్నులు. 1951 జనాభా 36 కోట్లు. పండినది చాలక విదేశములనుండి తెచ్చుకొంటిమి. 1956 మొదలు అమెరికా వారి పి.ఎల్. 480 చట్టము క్రింద గోధుమలు ఓడలలో వచ్చెడివి. 1965-66లో వానలు తప్పగా ఆ ఓడలమీద ఆధారపడుట ఎంత ప్రమాదమో తెలిసినది. ఇచ్చువాడు చేయి బిగించినచో పుచ్చుకొనువాడు చేయునదేమి? ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి వారమునకొక పూట భోజనము మానుడని ప్రజలను కోరిరి.

ఆ సంకటములోనుండియే నేటి వ్యవస్థ పుట్టినది. 1965లో రెండు సంస్థలు ఏర్పడినవి. ఒకటి వ్యవసాయ ధరల సంఘము. పంటకు ఎంత ధర ఉండవలెనో అది ప్రభుత్వమునకు సలహా చెప్పును. రెండవది భారత ఆహార సంస్థ. అది ధాన్యమును కొని, నిలువచేసి, రాష్ట్రములకు పంపును. ఆహారమంత్రి సి. సుబ్రహ్మణ్యం పూనికతో 1966లో మెక్సికోనుండి 18,000 టన్నుల గోధుమ విత్తనము వచ్చినది. వరిలో ఐ.ఆర్. 8 అను పొట్టి వంగడము వచ్చినది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు 1967లో దానిని పండించి, తోటి రైతులకు నమ్మకము కలిగించిరి. పిమ్మట మన మారుటేరు, బాపట్ల పరిశోధన కేంద్రములలో పుట్టిన స్వర్ణ, సాంబ మసూరి వంగడములు తెలుగుదేశపు ఎల్లలు దాటి వ్యాపించినవి. 2023-24లో దేశపు ఆహారధాన్యపు పంట 33 కోట్ల టన్నులు. 1951 తరువాత జనము నాలుగింతలైనది. ధాన్యము ఆరింతలు దాటినది. పీటకు మొదటి కాలు గట్టిపడినది.

రెండవ కాలు పని చేయు విధమేమనగా, కేంద్ర ప్రభుత్వము పైరువేళకు కనీస మద్దతు ధరను ప్రకటించును. 2025-26 ఖరీఫునకు సామాన్య రకపు వడ్లకు క్వింటాలుకు 2,369 రూపాయలు ప్రకటింపబడెను. అంగడిలో అంతకంటె తక్కువ పలికినచో ఆ ధరకు సర్కారు కొనవలెను. అట్లు కొన్న వడ్లు మిల్లులో బియ్యమై గిడ్డంగి చేరును. గిడ్డంగినుండి చౌకధరల దుకాణమునకు పోవును. పంట తక్కువైన యేట అంగడికి విడిచి ధర నెత్తుకొనకుండ చేయుటకు కొంత నిలువ ఉంచబడును. మన తాతలు పాతరలో జొన్నలు దాచినట్లే ఇది. ఊరి పాతర దేశపు పాతరయైనది, అంతే.

అయితే పాతర నిండుట ఒక యెత్తు, దానిని తీసి వండుట ఒక యెత్తు. 2001లో సర్కారు గిడ్డంగులలో సుమారు 6 కోట్ల టన్నుల ధాన్యము పేరుకొని, చోటు చాలక కొంత ఆరుబయట పాడగుచుండగా, రాజస్థానము మొదలగు సీమలలో వానలు లేక పేదలు ఆకలిపాలైరి. ధాత కరువునాటి బొమ్మ మరల కనబడినది; ఈసారి బస్తాలు వర్తకునివి కావు, ప్రజలవే. పౌరహక్కుల సంఘమువారు సుప్రీముకోర్టుకు పోయిరి. బడిపిల్లలకు మధ్యాహ్నమున వండిన అన్నము పెట్టవలెనని కోర్టువారు ఆ యేడు నవంబరులో ఉత్తరువు చేసిరి. ఆకలిగొన్నవానికి అన్నము దయ కాదు, హక్కు అను భావము అచ్చటనుండి బలపడినది.

మన రాష్ట్రమున 1983లోనే కిలో బియ్యము రెండు రూపాయలకు ఇచ్చు పథకము వచ్చినది. దేశమునకెల్ల 2013లో ఆహారభద్రతా చట్టము వచ్చినది. దాని ప్రకారము పల్లెలలో నూటికి 75 మంది వరకు, పట్టణములలో 50 మంది వరకు, మనిషికి నెలకు 5 కిలోల ధాన్యమునకు హక్కుదారులు. నిరుపేద కుటుంబమునకు 35 కిలోలు. 2023 జనవరినుండి ఈ ధాన్యము ఉచితమైనది. 2024 జనవరినుండి అయిదేండ్లకు ఆ యేర్పాటు పొడిగింపబడినది. సుమారు 80 కోట్ల జనము దీనివలన ధాన్యము పొందుచున్నారు. మూడవ కాలును ఈ విధముగా నిలిపితిమి.

ఇంతవరకు తినువాని సంగతి. పండించువాని సంగతి యేమి? 2011లో కోనసీమ రైతులు సార్వా పంటను విడిచిపెట్టిరి. సుమారు లక్ష ఎకరములు బీడు పడినవి. దానికి పంటవిరామమని పేరు పెట్టిరి. ఆనకట్ట క్రింద నూటయేబది యేండ్లుగా పచ్చగానున్న భూమి అది. నీరు లేక కాదు, వాన లేక కాదు, గిట్టుబాటు లేక బీడు పెట్టిరి. ఎరువులకును కూలికిని ఖర్చు పెరిగినది. అంతకుముందటి పంట మద్దతు ధరకు కూడ అమ్ముడుపోలేదు. గిడ్డంగులలో చోటు లేదు. మురుగుకాలువలు పూడి పైరు మునుగుచుండెను. మొదటి ఆనకట్ట కట్టిన సీమలోనే ఈ సంగతి జరుగుట మనకందరకును హెచ్చరిక. తినువానికి చౌకగా నీయవలెను, పండించువానికి గిట్టుబాటుగా నీయవలెను. ఈ రెండు ధరల నడుమ భేదమును సర్కారు బొక్కసము భరింపవలెను గాని, రైతు వీపున మోపరాదు.

ధర లెక్కించుటలోనే వివాదమున్నది. ఎం.ఎస్. స్వామినాథన్ అధ్యక్షతను 2004-06 నడుమ పనిచేసిన రైతుల సంఘము, ఖర్చుకు పైన దానిలో సగమైనను చేర్చి ధర నీయవలెనని సలహా చెప్పినది. 2018లో కేంద్ర ప్రభుత్వము ఖర్చునకు ఒకటిన్నర రెట్లు ఇత్తుమని ప్రకటించినది. కాని ఏది ఖర్చు? విత్తనము, ఎరువు, కూలి, ఇంటివారి శ్రమ సర్కారు లెక్కలో చేరినవి. సొంత భూమికి రాదగిన కౌలు, సొంత పెట్టుబడికి రాదగిన వడ్డీ చేరలేదు. రైతుసంఘములు అవియు చేర్చుడని కోరుచున్నవి. కాగితముమీద ధర యెంతయైనను, అది కల్లమువరకు వచ్చునా యనునది మరియొక ప్రశ్న.

ఇంకొక చిక్కు చూడుడు. మద్దతు ధర ఇరువదికి పైగా పంటలకు ప్రకటింపబడును. సర్కారు విరివిగా కొనునది మాత్రము వరి, గోధుమలే. కొనునదే రైతు వేయును. పంజాబున భూగర్భజలము అడుగంటుచున్నను వరి విడువకుండుటకు ఇదియే హేతువు. తెలంగాణమున బోరులు, కాలువలు పెరిగి వరి విస్తరింపగా, 2021-22లో యాసంగి ఉప్పుడు బియ్యమును కొనుట కుదరదని కేంద్రము చెప్పెను. రైతుకు దిక్కు తోచలేదు. ఇటు జొన్న, సజ్జ, కొఱ్ఱ, రాగి, కంది వెనుకబడినవి. కడుపు నిండినను ఒంటికి బలము చాలుట లేదు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య విచారణలో అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 35 మందికి పైగా వయస్సునకు తగిన యెత్తు లేనివారని తేలినది; 15 మొదలు 49 యేండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తము తక్కువ. అన్నమొక్కటే ఆహారము కాదని ఈ అంకెలు చెప్పుచున్నవి.

దీనికి మందు ఢిల్లీలోనే దొరకవలెనని లేదు. జహీరాబాదు ప్రాంతపు పల్లెలలో దక్కను డెవలప్‌మెంటు సొసైటీ అను సంస్థతో కూడిన పేద దళితస్త్రీలు 1990 తరువాత ఒక పని చేసి చూపిరి. బీడుపడిన చలకలకు పెట్టుబడి నిచ్చి జొన్న వేయించిరి. రైతు ఆ అప్పును డబ్బుగా గాక ధాన్యముగా తీర్చును. ఆ జొన్నలు ఊరిలోనే నిలువచేసి, ఊరిలో ఎవరు పేదలో ఊరివారే తేల్చి, వారికి చౌకగా అమ్మిరి. పండించుట, నిలువచేయుట, అందించుట మూడును ఒక్క ఊరి పొలిమేరలోనే జరిగినవి. దేశమునకెల్ల ఇది చాలునని చెప్పను. కాని ఊరు తలచుకొన్నచో ఎంతవరకు పోగలదో దీనివలన తెలియుచున్నది.

ఇక గ్రామపెద్దలైన మీరు చేయదగిన దేమి? చట్టములు పైన పుట్టును గాని, తెగిపోవునది మాత్రము ఊరిలోనే. ఏయే చోట తెగుచున్నదో మీకంటె తెలిసినవారు లేరు.

మొదటిది కల్లమువద్ద. ధాన్యపు కొనుగోలు కేంద్రమున నూటికి 17 వంతులవరకు తేమ నియమము. అంతకు లోబడిన ధాన్యమునకు తరుగు తీయుట అన్యాయము. తేమ కొలుచునప్పుడును, తూకము వేయునప్పుడును ఊరి పెద్ద యొకడు ప్రక్కన నిలిచినచో చాలు. పది అర్జీలు చేయలేని పని ఆ నిలుచుట చేయును.

రెండవది కౌలుదారుని సంగతి. డెల్టాసీమలో నాగలి పట్టువాడు పెక్కుచోట్ల భూమిగలవాడు కాడు. పట్టా ఒకరిది, చెమట ఒకరిది. కాగితము లేనివానికి బ్యాంకు అప్పు పుట్టదు, నష్టపరిహారము రాదు, మద్దతు ధర అందుట కష్టము. 2011లోను, 2019లోను ఆంధ్రప్రదేశమున చట్టములు వచ్చినను, రెండవదాని క్రింద కార్డు రావలెనన్నచో భూయజమాని అంగీకారము కావలసివచ్చెను. సంతకము చేసినచో భూమి పోవునేమో యని యజమాని జంకెను. ఆ జంకును తీర్చి, పది సంతకములు పెట్టింపగలవారు మీరే. ఆ యజమానులు మీ యన్నదమ్ములో, పట్టణములోనున్న మీ బిడ్డలో గదా!

మూడవది దుకాణము. చౌకధరల దుకాణపు లెక్కలను ఊరివారి యెదుట తనిఖీ చేయవలెననియు, పర్యవేక్షణ సంఘములుండవలెననియు 2013 చట్టమే చెప్పుచున్నది. కార్డు లేక మిగిలిపోయిన వితంతువు, వేలిముద్ర పడక వట్టి సంచితో మరలిపోయిన ముసలివాడు, వలసవచ్చిన కూలికుటుంబము, వీరి పేర్లు గ్రామసభలో పలుకవలెను. కరువులలో మొదట పోయినవారు వీరివంటివారే యని మరువరాదు.

నాల్గవది నీరు. ఊరి చెరువు పూడిక, మురుగుకాలువ పూడిక తీయుట చిన్నపనిగా తోచును. కోనసీమ రైతు నడిగి చూడుడు. అది చిన్నపని కాదు.

చుట్టము రాగానే పంటలెట్లున్నవని అడుగు ఆచారము మంచిది, మానవలదు. దానికి మరి రెండు ప్రశ్నలు చేర్చుకొందము: పండించినవానికి ధర ముట్టినదా? మీ ఊరిలో పొయ్యి రాజని ఇల్లున్నదా? ఈ మూడు ప్రశ్నలకును మంచి జవాబు వచ్చిననాడే గాదెనుండి కంచమువరకు త్రోవ తెరచియున్నట్లు.